ఖాలిక్ గారు నింపిన గడి

ఖాలిక్ గారి వేళ్ళ చివర్లు ఎప్పుడూ పసుపుపచ్చగా ఉంటాయి. కొత్తగా చూసినవాళ్ళు ఈయన పెళ్ళింట్లోంచి వచ్చాడేమో అనుకుంటారు. అది పసుపు కాదు, నైట్రిక్ యాసిడ్ మరక. గ్లవుజులు వేసుకున్నా ఎక్కడో ఒక చుక్క పడుతుంది. పడ్డచోట రంగు మారిన చర్మం, కొత్త చర్మం వచ్చేదాకా పోదు. కొత్తది వచ్చేలోపు ఇంకో చుక్క పడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

మా ల్యాబు ఆటోనగర్‌లో రెండో అంతస్తులో ఉంది. కింద లారీలకు బాడీలు కట్టే షెడ్డు. పొద్దున తొమ్మిదింటికి మొదలైన సుత్తి దెబ్బలు సాయంత్రందాకా ఆగవు. ఆ మోతలోనే పైన మేము చేపల్లో, రొయ్యల్లో సీసం ఎంతుంది, పాదరసం ఎంతుంది, కాడ్మియం ఎంతుంది అని చూస్తుంటాం. నా పేరు కనకలక్ష్మి. రిపోర్టులు టైపు చేస్తాను. పదకొండేళ్ళుగా అదే కుర్చీ, అదే నడుం నొప్పి. మెషిన్ నడిపేది సుస్మిత, కెమిస్ట్రీ చదువుకున్న పిల్ల. అందరి మీదా మేనేజరు పవన్‌కుమార్ గారు.

మెషిన్ లోపలికి వెళ్ళేది చెంచాడు నీళ్ళలాంటి ద్రావణం. చేప ఆ చెంచాడు నీళ్ళుగా మారేదాకా ఉన్న చాకిరీ మాత్రం అంతా ఖాలిక్ గారిదే. ఐసు పెట్టె విప్పాలి, ఫారం నింపాలి, కండ కోసి ముద్ద చెయ్యాలి. మిగిలిన ముక్కలు నంబరు వేసి ఫ్రీజర్లో నెల రోజులు దాచాలి. ముద్దలోంచి అర గ్రాము తూచి, యాసిడ్ పోసి కరిగించాలి. తర్వాత సీసాలన్నీ మళ్ళీ యాసిడ్‌తోనే కడగాలి. మామూలు రోజుల్లో ముప్ఫై శాంపిళ్ళు, సీజన్లో యాభై. ఆయనకి యాభై ఆరేళ్ళు. సీసాలు కడగటం తప్ప పనంతా నిలబడి చేసేదే. రెండేళ్ళ నుంచి మధ్యాహ్నం నమాజు కూడా కుర్చీలో కూర్చునే చేసుకుంటున్నారు, మోకాళ్ళు వంగక.

"ఇంటికెళ్ళినా చేపేనమ్మా" అనేవారు ఆదివారం గడిచిన ప్రతి సోమవారం. నవ్వుతూ కాదు, అలాగని ఏడుస్తూ కాదు, ఊరికే చెప్పేవారు. వాళ్ళావిడ నజీమా గారు చేపకు ఉప్పూ పసుపూ పట్టించి కడిగితేగానీ పొయ్యి మీద పెట్టరట. మనలో పెట్టేది మాత్రం ఎవరు?

మా ఫారంలో 'శాంపిల్ కండిషన్' అని ఒక గడి ఉంటుంది. చేప పచ్చిదా, వండిందా, శుభ్రం చేసిందా, చెయ్యనిదా, ఐసు కరిగిందా, ఒంటి మీద ఏమన్నా పూసి ఉందా, అన్నీ చూసి రాయాల్సిన గడి అది. చేరిన కొత్తలో ఖాలిక్ గారు అందులో పట్టనన్ని లైన్లు రాసేవారట. నేను చేరేసరికి రెండు లైన్లయింది. ఈ మధ్య ఒకటే మాట: 'పచ్చి చేప, శుభ్రం చేయనిది, బాగుంది.' అది కూడా పొద్దున్నే పది ఫారాల్లో వరసగా రాసేసి పక్కన పెట్టుకునేవారు. పెట్టెలు ఆ తర్వాత వచ్చేవి. నేనేం తక్కువ తినలేదు. నేను ఆ లైను టైపు కూడా చెయ్యను, నిన్నటి రిపోర్టులోంచి తీసి ఇవాళ్టి దాంట్లో అతికిస్తాను.

మార్చి నెల మొదట్లో భవానీపురం నుంచి ఒక అపార్ట్‌మెంట్ సంఘంవాళ్ళు ఒక చేపను పంపారు. శీలావతి, ఏటి చేప, కిలో పైన. సీసం ఎంతుందో చూడమన్నారు. కిలోకి సున్నా పాయింట్ మూడు మిల్లీగ్రాములు దాటకూడదు. వచ్చింది సున్నా పాయింట్ ఎనిమిది నాలుగు. "క్రోమియం కూడా ఎక్కువే కనిపిస్తోందక్కా, కానీ వాళ్ళు అడగలేదుగా" అంది సుస్మిత. అడగనిది మేము రాయం. 'పరిమితికి మించి ఉంది' అని టైపు చేసి, ప్రింటు తీసి, సంతకాలకు పంపి, ఇంకో రిపోర్టు అందుకున్నాను. ఆ రోజు అది పందొమ్మిదోది.

నేనుండేది కూడా భవానీపురమే. ఆదివారం చేపలు కొనేది శౌరమ్మ దగ్గర. ఆ అపార్ట్‌మెంట్ గేటు పక్కనే కత్తిపీట వేసుకుని కూర్చుంటుంది. గేటు పక్కన అంటున్నాను గానీ, గేటే వచ్చి ఆమె పక్కన కూర్చుంది. అపార్ట్‌మెంట్ కట్టి ఆరేళ్ళయింది, శౌరమ్మ వచ్చి పద్నాలుగేళ్ళు. ఆ ఆదివారం వెళ్ళేసరికి అక్కడ ఆమె లేదు. గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే నేను టైపు చేసిన రిపోర్టే. సీసం దగ్గర ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశారు. ఎప్పుడూ నా రిపోర్టులు ఎక్కడికి పోతాయో నేను ఆలోచించలేదు.

వెతుక్కుంటూ వెళ్తే, ఏటి ఒడ్డున ఘాటు రోడ్డు చివర, ఎండలో కనిపించింది. తట్టలో చేపలు అలాగే ఉన్నాయి. పక్కన నాలుగేళ్ళ మనవరాలు భానుశ్రీ తడిగుడ్డతో ఈగలు తోలుతోంది.

"ఇక్కడ కూర్చున్నావేంటి శౌరమ్మా?"

"గేటు కాడ కూర్చోనియ్యట్లేదమ్మా. నా చేపలో ఇసం ఉందంట. కాయితం వచ్చిందంట. ఆ కాయితం చూసినోళ్ళు ఇక్కడికొచ్చి కూడా కొనట్లేదు. ఈ నెల ఇట్టాగే ఉంటే తట్ట బోర్లించి, ఏదన్నా ఇంట్లో అంట్లు తోముకోవటమే" అంది. "పద్నాలుగేళ్ళమ్మా. ఆళ్ళొచ్చిన కాణ్ణుంచీ ఆళ్ళ పిల్లలకి ముళ్ళు లేని ముక్కలు ఏరి ఏరి ఇచ్చా."

"ఎవరు పంపారు పరీక్షకి?"

"కిరీటి గారు, సంఘం సెక్రటరీ. దొంగతనంగా ఏం కాదులే, చెప్పే కొన్నారు, పరీక్షకి పంపుతున్నాం శౌరమ్మా అని. ఎంత మంచోడో అనుకున్నా. పెద్ద పెద్దోళ్ళు చూసే చేప కదా, నా పరువు పోగూడదని పొలుసు ఒక్కటి లేకుండా గీకా. కోసి, కడిగి, ఉప్పెట్టి రుద్ది, రెండు మాట్లు పసుపు రాశా. ఇంక కడక్కండి బాబూ, ఇట్టాగే ఇయ్యండి, కళగా ఉంటది అని కూడా చెప్పి పంపా. అంత శుద్ధంగా చేసిస్తే ఇసం ఉందంటారేంటమ్మా?"

ఎవరి ఇంటికి ఇచ్చినా శౌరమ్మ అలాగే ఇస్తుంది. నాకూ పసుపు రాసే ఇస్తుంది. దాన్ని పూతగా నేను ఏనాడూ చూడలేదు. చేపంటే అలాగే ఉంటుందనుకున్నాను.

సోమవారం పొద్దున ఖాలిక్ గారికి చెప్పాను. తూస్తున్న సీసాను మధ్యలోనే పక్కన పెట్టారు. ఫ్రీజర్ దగ్గరికి నడిచి, ఆ నంబరు సంచి వెతికి తీశారు. కిటికీ దగ్గర వెలుతురులో ఒక ముక్కను పట్టుకుని చూశారు. రెక్క మొదట్లో, చర్మం మడతలో పసుపు గడ్డకట్టుకుని ఉంది. దాని పక్కన తన వేలు పెట్టి చూసుకున్నారు. రెండూ ఒకటే రంగు.

"నా చెయ్యే ఈ రంగులో ఉంటే నాకేం కనపడుద్దమ్మా" అన్నారు. మళ్ళీ తనే, "అది కూడా సాకే. వాసనొచ్చింది. ఆ రోజు పెట్టె తీయగానే వచ్చింది. మా ఇంట్లో చేప వాసన అదే. చేప వాసనే అనుకున్నా" అన్నారు.

సుస్మిత ఆ ముక్క చూడగానే తల పట్టుకుంది. "సీసం, క్రోమియం జంటగా వచ్చాయి కదక్కా. పసుపు నిగనిగలాడాలని కలిపే ఒక రంగులో ఆ రెండూ ఉంటాయి. చదువుకునేటప్పుడు చెప్పారు. నాకు తట్టలేదు." చేపలో సీసం ఉందని ఇంకా ఎవరికీ తెలియదు, లేదనీ తెలియదు. తెలిసిందల్లా ఒకటే, ఆ రిపోర్టుతో శౌరమ్మ పొట్ట కొట్టాం.

ఖాలిక్ గారు తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళారు. వెనకే మేమిద్దరం.

పవన్‌కుమార్ గారు అంతా విన్నారు. చెడ్డమనిషి కాదు, ఆయన పైన కూడా మనుషులున్నారు. "మన టెస్టు తప్పు కాదు కదండీ" అన్నారు. "వచ్చిన శాంపిల్‌లో సీసం ఉంది, ఉందని చెప్పాం. పసుపు రాసి పంపటం వాళ్ళ పొరపాటు."

"సీసం ఉన్నమాట నిజమే సార్. కానీ శుభ్రం చేయని పచ్చి చేప అని రాశాను. అది అబద్ధం. పసుపు పూసి ఉందని రాసుంటే రిపోర్టును అప్పుడే మీరు ఆపేవాళ్ళు."

"వచ్చే వారం ఆడిట్ ఉంది ఖాలిక్ గారూ. మీరు ఇది కాగితం మీద పెడితే మీ పేరు మీదే పడుతుంది. జూన్‌లో మీ కాంట్రాక్టు రెన్యూవల్. తెలిసే మాట్లాడుతున్నారా? ఆ చేపలావిడ ఇంకోచోట అమ్ముకుంటుంది. మీకు ఈ వయసులో ఇంకోచోటేదండీ?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు లేవలేదు, ఎందుకంటే ఆయనన్నది నిజమే.

"కొంచెం కూర్చుంటాను సార్, నిలబడలేకపోతున్నాను" అన్నారు ఖాలిక్ గారు. పెద్దవాళ్ళు వస్తే వేసే కుర్చీలో కూర్చుని, బల్ల మీదున్న తెల్లకాగితం ఒకటి లాక్కుని అక్కడే రాశారు. పెట్టె తెరవకముందే ఫారం నింపాను, చేపను చూసి నింపలేదు, ఈ రిపోర్టు వెనక్కి తీసుకోవలసింది. అంతే. తేదీ వేసి సంతకం చేశారు. మూత పెట్టిన పెన్నును చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నారు.

ఆ లైనును నేను చూడకుండా అతికించానని ఆయనకు తెలుసు. నా పేరు ఎత్తలేదు. నేనన్నా చెప్పాల్సింది, చెప్పలేదు. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇప్పటికీ ఆ గదిలో నేను నిలబడ్డ చోటు చూస్తే సిగ్గేస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మర్నాడు ఐసు పెట్టె పట్టుకుని ఖాలిక్ గారు, నేను ఘాటు రోడ్డుకు వెళ్ళాం. ఈయనే నీ చేపను పరీక్ష చేసిన సాయిబు గారని చెప్పాను. శౌరమ్మ తిడుతుందేమోననుకున్నాను. లేచి నిలబడి చీర కొంగు సర్దుకుంది.

"అమ్మా, నాకొక చేప కావాలి" అన్నారు ఖాలిక్ గారు. "ఏట్లోంచి ఎట్టా వచ్చిందో అట్టాగే. గీకొద్దు, కొయ్యొద్దు, కడగొద్దు, ఏమీ రాయొద్దు."

"ఇట్టా పొలుసుతోనా?" అంది శౌరమ్మ. "బంకబంకగానా? ఇంత జరిగినాక ఇంకా మురికి చేపను పంపితే నా పరువేం కాను సాయిబు గారూ? పోనీ మొప్పలన్నా తీసిస్తా."

"మొప్పలు కూడా వద్దమ్మా."

ఎంత చెప్పినా ఆమె చెయ్యి కత్తిపీట వైపే పోతోంది. చివరికి నేనే తట్టలోంచి చేపను తీసి సంచిలో వేశాను. ఖాలిక్ గారు ఆమె పసుపు డబ్బాలోంచి కూడా ఒక చెంచాడు వేరే సంచిలో పోయించుకున్నారు. స్కూటర్ మీద వచ్చి విడిగా అమ్మే మనిషి దగ్గర కొంటుందట. రంగు బాగుంటుందని అతని కోసం ఎదురుచూసి మరీ కొంటుందట.

ఐసు పెట్టె మూత మీద ఫారం పెట్టుకుని, ఎండలో నిలబడి ఖాలిక్ గారు కండిషన్ గడి నింపారు. గడి చాలక పక్కన ఖాళీలో కూడా రాశారు. పొలుసుతో ఉంది, మొప్పలు ఎర్రగా ఉన్నాయి, కళ్ళు నిగారింపుగా ఉన్నాయి, ఒంటి మీద ఏ పూతా లేదు. నాకు ఇచ్చి చదవమన్నారు. "ఈసారి అతికించొద్దమ్మా" అన్నారు మెల్లగా. అంతకుమించి ఆయన నన్నేమీ అనలేదు.

చేపలో సీసం దాదాపు లేదు. మెషిన్ గుర్తుపట్టలేనంత తక్కువ. పసుపు సంగతి వేరే. సుస్మిత ఆ అంకె చూసి నమ్మలేక, పలచన చేసి మళ్ళీ నడిపింది, ఇంకా పలచన చేసి మూడోసారి నడిపింది. పసుపులో ఉండొచ్చన్న దానికి ఎన్నో రెట్లు ఉంది. మర్నాడు ల్యాబులో ప్రతివాళ్ళ టిఫిన్ డబ్బా పక్కనా ఒక పసుపు పొట్లం. ఖాళీ దొరికినప్పుడల్లా సుస్మిత అవీ చూసిపెట్టింది. మా ఇంటిది బాగానే ఉంది. ఖాలిక్ గారింటిదీ బాగానే ఉంది. పవన్‌కుమార్ గారు మాత్రం తమ ఇంటి అంకె ఎవరికీ చెప్పలేదు. అది చూసిన మధ్యాహ్నమే మొదటి రిపోర్టు రద్దు చేస్తున్నామన్న కాగితం మీద గమ్మున సంతకం పెట్టేశారు.

కొత్త రిపోర్టు నేనే పట్టుకెళ్ళి కిరీటి గారికి ఇచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సంతోషమేనండీ. కాకపోతే గేటు ముందు ఆ వాసన, ఆ ఈగలు... వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు చెప్పండి."

"మీ బాధ వాసనైతే వాసనని రాసి గోడకు అంటించండి. సీసమని అంటించకండి" అన్నాను. ఇన్నాళ్ళూ మింగిన కోపమంతా ఆయన మీద పోశాను. పాపం, సగం నా మీదదే. నా అరుపుకు పై అంతస్తుల్లో నలుగురు తొంగిచూశారు. ఆయనే వచ్చి గోడ మీది కాగితం పీకేశారు. శౌరమ్మ మళ్ళీ గేటు పక్కకు వచ్చింది.

ఖాలిక్ గారికి మెమో వచ్చింది. శాంపిళ్ళు తీసుకునే పని తీసేసి సీసాలు కడిగే చోట వేశారు. జూన్‌లో ఏడాదికి చేసే కాంట్రాక్టును ఈసారి మూడు నెలలకే చేస్తామన్నారు. "పోన్లేమ్మా, కూర్చుని చేసే పని. మోకాళ్ళకి మంచిదే" అన్నారు. పచ్చటి వేళ్ళతో ఒక్కో సీసా యాసిడ్‌లో ముంచుతూ అన్నారు. ఆ మాట నమ్మినట్టు తలూపడం తప్ప నేనేం చేయగలను?

పసుపు సంగతి మాత్రం శౌరమ్మకు అప్పటికింకా ఎవరూ చెప్పలేదు. నేను చెబుతానన్నాను, ఆయన ఒప్పుకోలేదు. "తప్పు నాది, మిగతాది కూడా నేనే చెబుతా" అని శనివారం సాయంత్రం సిటీ బస్సెక్కి నాతో వచ్చారు.

గేటు దగ్గర శౌరమ్మ మొహం కళకళలాడుతోంది. తట్ట సగం ఖాళీ అయింది. "భానూ, సాయిబు గారొచ్చారు, దణ్ణం పెట్టు" అంది మనవరాలితో. "నా చేప మంచిదేనంటగా? నేను ముందే చెప్పా! కాయితంలో కూడా అట్టాగే రాశారంటగా?"

"అట్టాగే రాశామమ్మా. చేపలో ఏమీ లేదు" అన్నారు ఖాలిక్ గారు. అక్కడున్న పాత సిమెంటు దిమ్మె మీద మెల్లగా కూర్చున్నారు. "ఉన్నదంతా పసుపులో ఉంది. ఆ డబ్బాలో పసుపు. దాంట్లో రంగు కలిపారు. ఆ రంగులో సీసం ఉంది. ఇంక అది చేపకి రాయబాకు."

శౌరమ్మ పక్కనున్న డబ్బాను చేతిలోకి తీసుకుంది. మూత తీసి చూసింది. ఎంత అందమైన రంగో! "ఇదా?" అంది. "పోనీలెండి, పారేస్తా. ఉప్పేసి రుద్ది ఇస్తా" అంటూనే ఆగిపోయింది. మూత పెట్టటం మర్చిపోయి మనవరాలి వైపు చూసింది. ఆ పిల్ల చేప పొలుసులను అరచేతిలో పోసుకుని లెక్కపెడుతోంది.

"దీనికి ఊరికూరికే జలుబు చేస్తదని..." అంది. "రోజూ పొద్దున పాలల్లో చిటికెడు ఏసి తాగిస్తా. రెండేళ్ళ నుంచి. ఒక్క రోజు మానలేదమ్మా. ఇదే డబ్బాలోది. మంచిదని."

పిల్లను దగ్గరికి లాక్కుంది.

"మీ మిషన్లో దీన్ని కూడా చూస్తారా సాయిబు గారూ? దీని ఒంట్లో ఎంతుందో?"

"లేదమ్మా" అన్నారు ఖాలిక్ గారు. "మా దగ్గర చేపలనే చూస్తాం."

అన్నాక ఆయన తన వేళ్ళు చూసుకున్నారు. తర్వాత మోకాళ్ళ మీద చేతులాన్చి లేచారు. "సోమవారం పొద్దున పాపని తీసుకుని రెడీగా ఉండు. పెద్దాసుపత్రికి నేనొస్తా. రక్తంలో చూస్తారు" అన్నారు.

సోమవారం ఆయన ల్యాబుకు రాలేదు. నేను చేరిన ఈ పదకొండేళ్ళలో, ఆదివారాలు, పండగలు తప్ప, ఆయన రాని రోజు అదే. మంగళవారం వచ్చి సీసాల ముందు కూర్చున్నారు. నేను పని వదిలేసి వెళ్ళాను.

"ఏమైంది ఖాలిక్ గారూ?"

"రక్తం తీశారమ్మా. పిల్ల ఏడవలేదు. శౌరమ్మే ఏడ్చింది."

"రిపోర్టు ఎప్పుడిస్తారట?"

"వారమన్నారు." ఒక సీసా ముంచి పైకి తీశారు. "మన కౌంటర్ దగ్గరికొచ్చి ఎప్పుడిస్తారు, ఎప్పుడిస్తారు అని అడుగుతుంటారు కదమ్మా జనం. విసుక్కుని వారం పడుద్ది పోండి అనేవాణ్ణి. నిన్న ఆ కౌంటర్లో అమ్మాయి కూడా నాతో అట్టాగే అంది. నేను వెళ్ళలేదు. ఇంకోసారి అడిగాను."